ఇటుకరంగు జెర్సీలు

ఫుట్‌బాల్ అంటే నాకు పడేది కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఇరవై రెండు మంది ఒక బంతి వెనక గంటన్నర పరుగెత్తి, చివరికి సున్నా సున్నా అని చేతులు దులుపుకుని ఇంటికి పోవడం ఏం ఆటో నా బుర్రకి ఎక్కేది కాదు. అలాంటిది 2013 వేసవిలో అమెరికాలో మా పిస్కాటవే ఇంట్లో లేస్తే ఫుట్‌బాల్, కూర్చుంటే ఫుట్‌బాల్. అంతా మా మామగారి పుణ్యం.

ఆయన పేరు పరంధామయ్య. సికింద్రాబాదులో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి అక్కడే రిటైరయ్యారు. వయసులో ఉండగా వర్క్‌షాపు జట్టుకి గోల్‌కీపరు. ఆ మార్చిలో అత్తయ్యా ఆయనా ఆర్నెల్లకని వచ్చారు. వారం తిరక్కుండా అత్తయ్య మా ఆడపడుచు పురిటికని రెడ్‌మండ్ వెళ్ళిపోయింది. మామగారు నా ప్రాణానికి మిగిలారు. మా ఆయన దివాకర్ పొద్దున ఏడింటికి న్యూయార్క్ ట్రైనెక్కితే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. మా అమ్మాయి రష్మికి పద్నాలుగేళ్ళు. తాతగారితో దాని కబుర్లన్నీ "హాయ్ తాతయ్యా" దగ్గర మొదలై అక్కడే అయిపోయేవి.

ఏప్రిల్లో ఒకరోజు మామగారు వాకింగ్‌కని వెళ్ళి మూడు గంటలైనా రాలేదు. పోలీసులకి ఫోన్ చేయనా, దివాకర్‌కి చేయనా అని నేను హాల్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, మెడకి ఇటుకరంగు మఫ్లరు చుట్టుకుని తీరిగ్గా వచ్చారు.

"ఎక్కడికి వెళ్ళారు మామయ్యగారూ? కంగారుతో చచ్చాననుకోండి."

"మ్యాచ్ చూసొచ్చిన గిరిజా. గా నది ఒడ్డుకు గ్రౌండున్నది, నీకెర్కలేదా?"

పదకొండేళ్ళుగా ఇక్కడ ఉంటున్న నాకు నిజంగానే తెలియదు. అక్కడ ఒకప్పుడు ఇటుకల బట్టీ ఉండేదట. బట్టీ మూతబడ్డాక ఆ స్థలంలో కూలీల పిల్లలు మొదలుపెట్టిన జట్టు బ్రిక్‌యార్డ్ రోవర్స్. మూడో శ్రేణి లీగులో ఎప్పుడూ కింది నుంచి నాలుగో స్థానం. జెర్సీ ఇటుకరంగు. యజమాని కోవాల్‌స్కీ అనే ముసలాయన, ఊళ్ళో కుళాయిలూ పైపులూ అమ్ముకునే మనిషి. వాళ్ళ నాన్న జట్టుని కొన్నప్పుడు ఒక నియమం రాసిపెట్టాడు. సీజన్ టికెట్ ఉన్నవాళ్ళలో సగానికి పైగా ఒప్పుకుంటే తప్ప ఈ జట్టుని ఎవరికీ అమ్మకూడదు. ఆ నియమాన్ని నలభై ఏళ్ళుగా ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు.

అరవై అయిదు దాటినవాళ్ళకి సీజన్ టికెట్ సగం ధరకే ఇస్తారు. ఈ సంగతి మామగారు వాకింగ్ బృందంలో చెప్పారు. పిల్లల దగ్గరికి వచ్చి, పగలంతా కిటికీలోంచి ఉడతల్ని చూస్తూ కూర్చున్న పెద్దవాళ్ళందరికీ అది అమృతంలా వినిపించింది. మే నెలాఖరుకి మనవాళ్ళు అరవై ముగ్గురు టికెట్లు కొనేశారు. తెలుగు సంఘం ప్రెసిడెంటు వేణుమాధవ్ గారు ఊరుకుంటారా, ఎవరు పులిహోర తేవాలో, ఎవరు గారెలు తేవాలో ఈమెయిల్లో జాబితా పెట్టేశారు. స్కూలు బస్సు నడిపే డోనా అనే ఆవిడ అభిమానుల సంఘానికి లీడరు. ఆవిడ మొదటివారం మన పులిహోర వాసన చూసి అనుమానంగా ముక్కు చిట్లించింది, మూడోవారానికి సొంత డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఇంతవరకూ నాకేం బాధ లేదు. బాధ రష్మితో వచ్చింది. రోవర్స్‌కి పదిహేనేళ్ళ లోపు అమ్మాయిల జట్టొకటి ఉంది. దానికి గోల్‌కీపరు దొరకడం లేదని డోనా అందట, మామగారు మనవరాల్ని తీసుకెళ్ళి నిలబెట్టేశారు. ఆడే పిల్ల తల్లివి కదా అని నా పేర కూడా ఒక సీజన్ టికెట్ కొనేశారు. ప్రాక్టీసు శనివారం ఎనిమిదింటికి. కాలేజీ సీటు కోసమని నేను ముందే డబ్బు కట్టేసిన శాట్ కోచింగు శనివారం తొమ్మిదింటికి. ఇంట్లో రెండు వారాలు యుద్ధం జరిగింది. నేనే ఓడిపోయి కోచింగుని ఆదివారానికి మార్పించాను. అది ఆదివారం క్లాసులో కునుకు తీస్తోందని టీచరు ఫోన్ చేసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. సాయంత్రాలు పెరట్లో ఆ ఇద్దరి గొంతులూ వినిపించేవి.

"బంతిని చూడకు, కాలును చూడు. కాలు ఎటు తిరిగితే బంతి అటే వస్తది."

"తాతయ్యా, నీకు గ్లవ్స్ ఉండేవా?"

"గ్లవ్సా? కాళ్ళకు బూట్లే లేకుండె."

"నో వే. మరి పెయిన్ రాదా?"

"వచ్చేది. ఇంటికి పోయినంక వచ్చేది."

అది పడీపడీ నవ్వేది. ఆ నవ్వు విని నేను ల్యాప్‌టాప్ మూసి కాసేపు అలాగే కూర్చునేదాన్ని. అయినా నా పట్టు నాదే. ఆట మానితే ఆ పిల్ల చదువు బాగుపడుతుందని నా నమ్మకం.

జూన్ మధ్యలో వార్త వచ్చింది. కోవాల్‌స్కీ గారు జట్టుని అమ్మేస్తున్నారు. కొంటున్నది వ్యాపారి కాదు, కంపెనీ కాదు, ఒక దేశం. చమురు పండే దేశం. పేరు రాయను, మా వాళ్ళు సగం మంది ఇండియాకి వెళ్ళేటప్పుడు ఆ దేశంలోనే విమానం మారతారు. వాళ్ళకి కావలసింది మా జట్టేం కాదు, న్యూయార్క్ పక్కన ఏదో ఒక జట్టు. కొత్త పేరు, వాళ్ళ జెండా రంగుల జెర్సీ, నది అవతల కొత్త స్టేడియం. అమ్మాయిల జట్టు సంగతి కాగితాల్లో ఎక్కడా లేదు.

మనసులో మాట చెబుతున్నాను, నాకు పండగలా అనిపించింది. పీడా వదిలింది, శనివారాలు తిరిగొస్తాయి అనుకున్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర అనేశాను కూడా.

"మనమే ఇక్కడ ఫారినర్లం. ఎవరో ఫారిన్ వాళ్ళు కొంటున్నారని మనం గుండెలు బాదుకోవడం ఏం బాగుంటుంది మామయ్యగారూ?"

"మనం వచ్చినం, కూసున్నం, చప్పట్లు కొట్టినం," అన్నారు మామగారు. "వాళ్ళు వచ్చి కుర్చీలే తీసేస్తమంటున్నరు. రెండూ ఒకటేనా?"

"డబ్బున్నవాళ్ళు నాన్నా," అన్నాడు దివాకర్. "మంచి ప్లేయర్స్‌ని తెస్తారు. రెండేళ్ళలో లీగ్ గెలుస్తాం."

"గెలుస్తరు. కానీ ఒక మాట చెప్పు. సేటు కొన్నడనుకో, రేపు నచ్చకపోతే సేటు దుకాణం ముంగట నిలబడి కొట్లాడొచ్చు. దేశం కొన్నదనుకో, ఎవరితోని కొట్లాడ్తవ్? ఎంబసీకి పోతవా?"

దివాకర్ పెరుగు గిన్నె తన వైపు లాక్కున్నాడు. అతని గ్రీన్‌కార్డు మధ్యలో వేలాడుతోంది. ఏ కాగితం మీదా సంతకం పెట్టనని, ఏ ధర్నాకీ రానని ముందే చెప్పేశాడు. రష్మి తల వంచుకుని అన్నం కెలుకుతోంది.

"తాతయ్యా, మా టీమ్ ఉంటుందా?"

"ఎర్క లేదు బిడ్డా. అడగాలె."

అడగడానికి ఆగస్టు పద్దెనిమిదో తేదీ ఆదివారం సాయంత్రం ముహూర్తం కుదిరింది. ఆ దేశం తరఫున ఒక డైరెక్టరు వచ్చి హైస్కూలు జిమ్‌లో అభిమానులతో మాట్లాడతాడని కబురు. డోనా పకడ్బందీగా ప్లాన్ వేసింది. ఆయన మైకు ముందుకి రాగానే అందరూ లేచి నిలబడి, నోరెత్తకుండా ఆయనకి వీపు తిప్పాలి. ఫొటోలు పేపర్లో పడాలి. మన అరవై ముగ్గురికీ ఈ సంగతి ఈమెయిల్లో చెప్పారు, ఫోన్లో చెప్పారు, గుమ్మం దగ్గర నిలబెట్టి మళ్ళీ చెప్పారు. అందరూ బుద్ధిగా తలలూపారు. అంతమందికి పెద్ద గనక వేణుమాధవ్ గారిని డోనా ముందు వరసలో కూర్చోబెట్టింది.

ఆవిడకి తెలియనిది ఏమిటంటే, వేణుమాధవ్ గారు తిన్నగా తెలుగు సంఘం స్వాతంత్ర్య దినోత్సవ సభ నుంచి వచ్చారు. ఆయన ఒళ్ళో సంచీ ఉంది. సంచీలో ఒక శాలువా, ఒక పూలగుత్తి మిగిలి ఉన్నాయి.

డైరెక్టరు పక్క తలుపులోంచి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, సన్నగా, మర్యాదగా ఉన్నాడు. తన ఫైలు తనే పట్టుకుని, ఎదురెళ్ళేవాళ్ళు ఎవరూ లేక స్టేజీ మీద బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. క్లబ్ సెక్రటరీ మైకు సరిచేసింది. డోనా చెయ్యెత్తింది. నూట యాభై మంది అమెరికన్లు ఒక్కసారి లేచి వెనక్కి తిరిగారు.

అదే క్షణంలో వేణుమాధవ్ గారు స్టేజీ ఎక్కారు. పదకొండేళ్ళ ప్రెసిడెంటు అలవాటు మరి. వచ్చిన అతిథి ఒంటరిగా నిలబడి ఉంటే ఆయన చేతులు ఊరుకోవు. పూలగుత్తి చేతికిచ్చి, శాలువా విదిలించి ఆ డైరెక్టరు భుజాల చుట్టూ కప్పి, నమస్కారం పెట్టి, ఫొటో కోసం కెమెరా వైపు తిరిగారు. శాలువా కప్పితే చప్పట్లు కొట్టాలిగా. మనవాళ్ళు అరవై ముగ్గురూ కొట్టారు. మా మామగారు కూడా కొట్టారు. ఆ చప్పట్లు విని, వీపు తిప్పి నిలబడ్డ డోనా మెడ మాత్రం వెనక్కి తిప్పి చూసిన చూపు నేను ఈ జన్మకి మరిచిపోను.

ఇక శాలువా పడ్డాక సభ మన చేతుల్లోకి వచ్చినట్టే. అతిథిని మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. పెద్దవాళ్ళని రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఒకాయన కాకినాడ రేవు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఇంకొకాయన తన ముగ్గురు పిల్లల ఉద్యోగాల గురించి మాట్లాడాడు. రాజేశ్వరమ్మ గారు ప్రార్థన పాడారు. శాలువా కప్పించుకున్న మనిషి మధ్యలో లేచి ఎలా పోతాడు? ఆయన నవ్వుతూ వింటున్నాడు. కాళ్ళు పీక్కుపోయి అమెరికన్లు ఒక్కొక్కరే ఇటు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. గారెల పళ్ళెం వచ్చింది. డైరెక్టరు రెండు తిని, మూడోది అడిగి మరీ పెట్టించుకున్నాడు. ఫైలు ఎప్పుడో కుర్చీ కింద పెట్టేశాడు.

అప్పుడు రష్మి చెయ్యెత్తింది.

ఆ పిల్ల లేస్తుందని నాకు తెలియదు. జెర్సీలోనే వచ్చింది. ఇంగ్లీషులోనే, గొంతు వణక్కుండా అడిగింది. "నేను అమ్మాయిల జట్టులో గోల్‌కీపర్ని. మీరు కొన్నాక మా జట్టు ఉంటుందా?"

డైరెక్టరు మోచేతి దాకా జారిన శాలువాని పైకి లాక్కున్నాడు. "ఇక్కడికి వచ్చేముందు నాకొక జవాబు రాసిచ్చారు," అన్నాడు. "ఆ విషయం పరిశీలనలో ఉంది అని చెప్పమన్నారు. కానీ మీరంతా నన్ను ఇంత ఆదరించాక నీకు ఆ ముక్క చెప్పలేను. మూడేళ్ళ ప్లాన్‌లో అమ్మాయిల జట్టు లేదమ్మా. నాకూ ఒక కూతురుంది. నిర్ణయం నాది కాదు."

"ఎవరిది?" అంది రష్మి.

ఆయన తనకి తెలియదన్నట్టు చేతులు చాపాడు. రష్మి "థాంక్యూ సర్" అని కూర్చుంది.

నాకు సంతోషం వేయాలి. వేయలేదు. కార్లో వెనక సీట్లోంచి అది మామూలుగా అంది.

"అమ్మా, నీకు హ్యాపీ కదా. సాటర్‌డేస్ ఫ్రీ అవుతాయి."

కోపంగా అన్నా బాగుండేది. నన్ను ఓదారుస్తున్నట్టు అంది. నాకు సిగ్గేసింది.

మంగళవారం పేపర్లో ఫొటో పడింది. శాలువాతో డైరెక్టరు, పక్కన చేతులు జోడించిన వేణుమాధవ్ గారు. కింద "కొత్త యజమానికి భారతీయ అభిమానుల ఘనస్వాగతం" అని రాశారు. వేణుమాధవ్ గారు ఫోన్లో దాదాపు ఏడ్చినంత పని చేశారు. "చెయ్యి దానంతటదే పోయిందమ్మా గిరిజా," అన్నారు. సాయంత్రం డోనా పేపరు పట్టుకుని మా గుమ్మంలో దిగింది. మామగారికి ఆవిడ ఇంగ్లీషు సగం అందదు. మధ్యలో నేను దుబాసీని.

"నాలుగు వారాలు కష్టపడి ప్లాన్ చేశాను," అంది డోనా. "మీరు ఎటువైపు?"

మామగారు ఆవిడని కూర్చోమన్నారు. "ఆమెకు చెప్పు గిరిజా. మేము తప్పు చేసినం. కానీ ఇంటికొచ్చిన మనిషికి మర్యాద చేసుడు మాకు అలవాటు. మర్యాద చేసినమని ఇల్లు రాసియ్యం."

నేను చెప్పాను. చెబుతుంటే ఆ మాటలు ఆయనవో నావో నాకే తెలియకుండా పోయింది. ఆయన అనని మాట ఒకటి చివర్లో నేనే కలిపేశాను. "ఆయనకి కావలసింది జట్టు. మనకి కావలసింది మన జట్టు," అన్నాను.

డోనా పేపరు మడిచి పక్కన పెట్టింది. పోయిన నెల ఆ డైరెక్టరే ఇంకో ఊరు వెళ్ళాడట, అక్కడివాళ్ళు వీపులు తిప్పితే కాగితం చదివేసి పది నిమిషాల్లో వెళ్ళిపోయాడట. "ఇక్కడ రెండున్నర గంటలు కూర్చున్నాడు, నిజం చెప్పాడు," అంది. ఆ మాట అనేటప్పటికే ఆవిడకి నవ్వు ఆగడం లేదు. "నేను వేసిన ప్లాన్లు అన్నీ కలిపినా అంత పని జరిగేది కాదు. ఆ శాలువాలు ఎక్కడ దొరుకుతాయి?" నేను కాఫీ పెట్టాను.

ఓటింగు సెప్టెంబరు ఏడున. వీసా గడువు దగ్గరపడి మామగారికీ అత్తయ్యకీ ఒకటో తేదీకే టికెట్. రాలేనివాళ్ళు కాగితం మీద సంతకం పెట్టి తమ ఓటు ఇంకొకరికి అప్పగించవచ్చు. ప్రయాణం ముందురోజు పెట్టెలు సర్దుతుంటే మామగారు ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. దాని మీద నా పేరుంది.

"దివాకర్‌కి ఇవ్వాల్సింది మామయ్యగారూ. లేకపోతే వేణుమాధవ్ గారికి."

"నీకే ఇయ్యాలనుకున్న."

"నేను అమ్మేస్తేనే మంచిదన్నాను కదా. మీకు తెలుసు కదా."

"తెలుసు," అన్నారాయన, పెట్టె జిప్పు లాగుతూ. "నీకెట్ల మంచిదనిపిస్తే అట్ల వెయ్యి బిడ్డా. ఇంట్ల పిల్ల సంగతి నీకన్న ఎవరికెర్క."

ఆయన ఒక్కసారి బతిమాలి ఉంటే నేను వాదించేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని కాసేపు ఏడ్చాను, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఏడో తేదీ పొద్దున టికెట్ కౌంటరు దగ్గర లైను. మనవాళ్ళలో చాలామంది అప్పటికే ఇండియా వెళ్ళిపోయారు, వాళ్ళ కాగితాలు పట్టుకుని పిల్లలూ కోడళ్ళూ వచ్చారు. నా వంతు వచ్చింది. రెండు చీటీలిచ్చారు, ఒకటి నాది, ఒకటి ఆయనది. రెండింటి మీదా 'అమ్మవద్దు' అన్న గడిలో టిక్కు పెట్టి డబ్బాలో వేశాను. అరనిమిషం పట్టలేదు.

వద్దన్నవాళ్ళే ఎక్కువ మంది. కోవాల్‌స్కీ గారు పెద్ద నిట్టూర్పు విడిచి, ఇంకో రెండేళ్ళు లాగుతానని, ఈలోగా స్టాండుకి రంగు మాత్రం మీరే వేసుకోవాలని అన్నాడు. ఆ దేశం ఇంకెక్కడో ఇంకో జట్టుని చూసుకుంది. మా రోవర్స్ ఆ ఏడాది కూడా కింది నుంచి నాలుగో స్థానంలోనే ఉన్నారు.

తరువాతి శనివారం అమ్మాయిల మ్యాచ్. అయిపోయి ఇంటికొచ్చేసరికి పొద్దున పదిన్నర, అంటే సికింద్రాబాదులో రాత్రి భోజనాల వేళ. మామగారికి ఫోన్ చేశాను. ఓటు సంగతి ఆయన ఎత్తలేదు. ప్రయాణం, మోకాళ్ళు, అత్తయ్య ఊరగాయలు అన్నీ అయ్యాక అడిగారు.

"పిల్ల మ్యాచ్ ఏమైంది?"

"ఓడిపోయారు. నాలుగు ఒకటి."

"నాలుగు పోయినయా. ఎట్ల పోయినయ్?"

"మొదటిది కార్నరు, అందరూ అడ్డం నిలబడి పిల్లకి బంతి కనబడలేదు. రెండోదీ మూడోదీ ఒకేలా పోయాయి మామయ్యగారూ, కింద నుంచి, ఎడమ పక్క. అది లైన్ మీదే అతుక్కుపోయింది. ముందుకి రావే, ముందుకి రావే అని గొంతు చించుకున్నాను, వింటేగా. రిఫరీ నన్నొచ్చి కూర్చోమన్నాడు. నాలుగోది మాత్రం దాని తప్పు కానే కాదు, డిఫెండరు కాలికి తగిలి దిశ మారింది, ఆ రిఫరీకి కళ్ళు లేవు, అంతకుముందే ఆఫ్‌సైడు..."

అవతల చప్పుడు లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"మామయ్యగారూ, ఉన్నారా?"

"ఉన్న బిడ్డా," అన్నారు. "చెప్పు. మొదటి గోల్ కాంచి మల్ల చెప్పు."